ఏడు మిల్లీమీటర్లు వెనక్కి

ల్యాబులో ఆమెను అందరూ సొరుగు అనేవాళ్లు. కింది దవడ ముందుకు పొడుచుకొచ్చి, లాగి, మూయడం మరిచిపోయిన బల్ల సొరుగులా ఉంటుందని పాలిషింగ్ చేసేవాడు పెట్టిన పేరది. మొదట్లో చాటుగా అనేవాళ్లు. తర్వాత మొహం మీదే అన్నారు. చివరికి ఓనరు కూడా "సొరుగూ, మూడో నంబరు కేసు ఎంతవరకు వచ్చింది?" అని మామూలుగా అడగడం మొదలుపెట్టాక, అది వెక్కిరింత అన్న సంగతే అందరూ మరిచిపోయారు, ఆమె తప్ప.

అది కట్టుడు పళ్లు తయారుచేసే ల్యాబు. పళ్ల డాక్టర్లు రోగుల నోటి అచ్చులు రబ్బరులో తీసి పంపిస్తే, ఇక్కడ వాటిలో ప్లాస్టర్ పోసి, దవడలను మళ్లీ పుట్టించి, వాటి మీద కొత్త పళ్లు కడతారు. ముందు గదిలో వెలుతురు, గాజు బల్ల, పూలకుండీ. వెనక గది నిండా దుమ్ము. ఆమె చోటు వెనక గదిలో, కిటికీ లేని మూల. నాలుగేళ్లుగా పనిచేస్తున్నా, డాక్టర్లు వచ్చి కూర్చునే ముందు గదిలోకి ఆమె వెళ్లే అవసరం రాకుండా ఓనరు జాగ్రత్తపడేవాడు. "నీ చేతిలో ఉన్న పనితనం ఇంకెవరికీ లేదమ్మా. అందుకే నిన్ను లోపల ఉంచాను," అనేవాడు. మొన్నమొన్న చేరిన అమ్మాయిని మాత్రం గాజు బల్ల వెనక కూర్చోబెట్టాడు.

పనితనం మాట అబద్ధం కాదు. దవడ ఆపరేషన్ కేసు ఏదొచ్చినా ఆమె చేతికే ఇచ్చేవాళ్లు. మనిషి దవడను కోసే ముందు డాక్టరు దాన్ని ప్లాస్టర్లో కోయించి చూసుకుంటాడు. పై దవడ, కింది దవడ అచ్చులను కీలున్న ఇత్తడి చట్రానికి బిగించి, కింది దాన్ని సన్నటి రంపంతో పీఠం నుంచి వేరుచేసి, డాక్టరు రాసిన కొలత ప్రకారం జరిపి, మైనంతో అతికించాలి. అలా కుదిరిన రెండు పళ్ల వరసల మధ్య ఇమిడేలా పారదర్శకమైన ప్లాస్టిక్ పలక ఒకటి చేయాలి. దాన్ని స్ప్లింటు అంటారు. ఆపరేషన్ బల్ల మీద, కోసిన దవడ ఎక్కడ నిలవాలో డాక్టరుకు చెప్పేది అదే. అందులో వెంట్రుకవాసి తేడా వచ్చినా ఆ మనిషి జీవితాంతం వంకరగా నములుతాడు. ఆమె చేసిన స్ప్లింటు ఇప్పటిదాకా ఒక్కటి కూడా తిరిగి రాలేదు. అంచులు నున్నగా వచ్చాయో లేదో మిగతావాళ్లు వేలితో తడిమి చూసుకుంటారు. ఆమె శుభ్రంగా కడిగి, కింది పెదవికి ఆనించి చూసేది. వేలికి అందని గరుకు పెదవికి తెలుస్తుంది. చూశాక మళ్లీ కడిగి పెట్టేది.

ఆ సోమవారం పొద్దున ఆసుపత్రి నుంచి డబ్బా వచ్చింది. అందులో అయిదు జతల అచ్చులు. నాలుగో జతకు చుట్టిన చీటీ మీద ఆమె పేరు ఉంది.

శుక్రవారంనాడు ఆసుపత్రిలో నోరు తెరిచి ఆ రబ్బరు ముద్దను కొరికింది తనే. ఆ ఆసుపత్రి కేసులన్నీ ఈ ల్యాబుకే వస్తాయనీ తెలుసు. అయినా ఆ రెంటినీ ఎందుకో ఆమె కలిపి చూసుకోలేదు. "కింది దవడ వెనక్కి: ఏడు మిల్లీమీటర్లు. స్ప్లింటు శనివారానికి కావాలి," అని ఉంది చీటీలో. శనివారం డాక్టరు గదిలో కాగితాల మీద సంతకం. మంగళవారం ఆపరేషన్. చేయించుకుంటానని ఆమె ఇంకా ఎవరికీ చెప్పలేదు. వద్దని కూడా చెప్పలేదు.

మిగతా నాలుగింటితో పాటు దాన్నీ పోసింది. గిన్నెలో నీళ్లు కొలిచి, పొడి చల్లి, ఉండలు లేకుండా కలిపి, సన్నగా వణికే యంత్రం మీద అచ్చును పెట్టి, బుడగ చేరకుండా ఒక పంటి గుంటలోంచి మరో పంటి గుంటలోకి చుక్కచుక్కగా జార్చింది. ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది. ఎవరి దవడైనా అంతే. అరచేతిలో తన దవడ జ్వరమొచ్చినట్టు కాలుతుంటే ఆమె దాన్ని కాసేపు అలాగే పట్టుకుని కూర్చుంది.

మధ్యాహ్నం భోజనానికి చేతులు కడుక్కుని వచ్చేసరికి ఆమె దవడ అచ్చులు పాలిషింగ్ చేసేవాడి చేతుల్లో ఉన్నాయి. పై దవడ ఒక చేత్తో, కింది దవడ ఇంకో చేత్తో పట్టుకుని టకటకలాడిస్తూ, ఆమె మాట తీరును వెక్కిరిస్తున్నాడు.

"థర్, థ్ప్లింటు అయిపోయింది థర్! థాయంత్రం పంపిథ్తా థర్!"

గది గదంతా పగలబడి నవ్వింది. పింగాణీ పళ్లకు రంగు వేసే అక్క ఒకావిడ ఉంది. రోజూ ఆమె పక్కనే కూర్చుని తినేది. ఆమెకు ముందు పళ్లతో కొరకడం రాదని, ఆపిల్‌ను చిన్నచిన్న ముక్కలు కోసిపెట్టేది. ఆ అక్క కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వు కంటే ఆ అడ్డం పెట్టుకున్న చెయ్యే ఆమెకు ఎక్కువ గుచ్చుకుంది.

"ఇలా ఇచ్చెయ్," అంది ఆమె.

"ఆగవే, సొరుగు మూసి ఇస్తాను," అంటూ వాడు కింది దవడను బలంగా వెనక్కి నొక్కాడు. టప్పుమని ముందు పళ్లు రెండు విరిగి బల్ల మీద పడ్డాయి. "ఇదిగో, ఆపరేషన్ సక్సెస్. ఇంక ఆసుపత్రి ఎందుకు, దండగ!"

వేరేవాళ్ల అచ్చు విరిగితే ఓనరు పైకప్పు ఎగిరిపోయేలా అరిచేవాడు. ఇప్పుడు మాత్రం తలుపు సందులోంచి తొంగిచూసి, "చాలించండ్రా ఆటలు. సొరుగూ, మళ్లీ పోసుకో. నీదేగా," అని వెళ్లిపోయాడు.

ఆమె విరిగిన పళ్లు ఏరి చెత్తడబ్బాలో వేసింది. గిన్నె కడిగి మళ్లీ పొడి కలిపింది. భోజనం డబ్బా ఆ రోజు తెరవలేదు. ఎందుకు తినలేదని అక్క కూడా అడగలేదు.

ఇంటికి వెళ్లేసరికి తల్లి కుట్టుమిషను ముందు ఉంది. గుండుసూదులు పెదాల మధ్య పట్టుకుని, వాటి సందుల్లోంచే మాట్లాడటం తల్లికి అలవాటు.

"తలుపు తెరుచుకుంటే ముందు గడ్డం వస్తుంది, వెనకాల మనిషొస్తుంది," అంది తల ఎత్తకుండానే. "చెప్పులు బయట దులిపావా? ఆ బూడిదంతా ఇంట్లోకి మోసుకురాకు. తెల్లగుడ్డ కుడుతున్నా."

"దులిపాను."

"దులిపావులే. ఒకటి సరిగ్గా చేసి చచ్చావు గనకనా."

ఇవి కోపంతో అనే మాటలు కావు. పంపులోంచి నీళ్లు కారినట్టు ఆ ఇంట్లో రోజూ కారే మాటలు. ఆమె మొహం కడుక్కుని, రెండు పళ్లేలలో వడ్డించి తెచ్చింది. తల్లి గుండుసూదులు తీసి ఒక్కొక్కటే దిండుకు గుచ్చి, ఎదురుగా కూర్చుంది. రెండు ముద్దలు తిన్నాక చెయ్యి ఆపేసింది.

"ఆ నమలడం ఆపవే తల్లీ. చూళ్లేక ప్రాణం పోతోంది. పక్కకి తిప్పి, తిప్పి, తిప్పి... అచ్చు అదే. ఆయన దగ్గర ఇంకేం నేర్చుకోలేదు గానీ ఇది మాత్రం దిగింది."

"ముందు పళ్లు కలవవు కదా. ఎలా తినమంటావు?"

"కలుస్తాయిలే మంగళవారం తర్వాత. ఆ పీడ వదిలితే నేను కూడా ప్రశాంతంగా ఒక ముద్ద తింటాను."

అదే దవడ ఉన్న తండ్రి వెళ్లిపోయి పదకొండేళ్లు. వేరే ఊళ్లో వేరే సంసారం. వెళ్లిన వారానికే తల్లి గుడ్డలు కత్తిరించే పెద్ద కత్తెరతో ఇంట్లో ఉన్న ఫొటోలన్నిటినీ తునాతునకలు చేసింది. పెళ్లిఫొటోలో తనను కూడా వదిలిపెట్టలేదు.

"వద్దనుకుంటే?" అంది ఆమె, పళ్లెంలోకి చూస్తూ.

"ఏంటి వద్దనుకునేది?"

"ఆపరేషన్."

"ఓహో. వద్దనుకుని, ఆ మూతితోనే ఊరేగుతావా?" తల్లి గొంతు హెచ్చలేదు. అదే ఇంకా బాధ. "పద్నాలుగు నెలలు ఆ తీగలు కట్టించుకుని, ఉన్నది కాస్తా ఇంకా పాడు చేసుకుని, ఇప్పుడు వద్దంటావా? అద్దంలో చూసుకున్నావా ఈ మధ్య? మొదట్లో గడ్డం ఒక్కటే వచ్చేది. ఇప్పుడు పళ్లు కూడా వస్తున్నాయి."

అదీ నిజమే. ఇన్నేళ్లూ కింది పళ్లు లోపలికి వంగి, దవడ వంకరను కొంత కప్పిపుచ్చాయి. ఆపరేషన్ కుదరాలంటే ముందు వాటిని నిటారుగా నిలబెట్టాలి. అందుకే ఈ తీగలు. నెల నెలా బిగించిన కొద్దీ పళ్లు నిలబడ్డాయి, పళ్లు నిలబడిన కొద్దీ దవడ ఇంకా బయటపడింది. వైద్యం మొదలుపెట్టిన రోజు కంటే ఇప్పుడు అధ్వాన్నంగా ఉంది ఆమె మొహం. ఈ మాట మొదటిరోజే డాక్టరు చెప్పాడు. విన్నది. కానీ పద్నాలుగు నెలలు అద్దంలో రోజూ చూసుకోవడం వేరు.

"తిను," అంది తల్లి. "చప్పుడు చెయ్యకుండా తిను."

భయంగా ఉంటే ఇదివరకు చేయించుకున్నవాళ్లతో మాట్లాడమని డాక్టరు ఒక చిరునామా ఇచ్చాడు. బుధవారం ఒక పూట సెలవు పెట్టి ఆమె అక్కడికి వెళ్లింది. పెద్ద కళ్లజోళ్ల దుకాణం అది. నేల నుంచి కప్పు దాకా గోడలన్నీ అద్దాలే. ఆమె తలుపు తోసుకుని లోపలికి అడుగుపెట్టగానే నాలుగు వైపుల నుంచీ నలుగురు ఆమెలు గడ్డాలు ముందు పెట్టుకుని ఎదురొచ్చారు.

కౌంటరు దగ్గర ఉన్న అమ్మాయి ఒక పెద్దాయనకు కళ్లజోడు పెట్టి చూపిస్తూ నవ్వుతోంది. ఆ నవ్వులో ఎడమ పక్క కోరపన్ను మొన కొద్దిగా విరిగి ఉంది. ఆమె వెంటనే గుర్తుపట్టింది. కిందటేడు ఈ దవడను ఆరు మిల్లీమీటర్లు వెనక్కి జరిపింది తన చేతులే. ప్లాస్టర్లో ఆ విరిగిన మొన చుట్టూ మైనం గీకడానికి ఒక పూటంతా పట్టింది. ఆ మొహం ఇలా ఉంటుందని మాత్రం అప్పుడు ఊహించలేదు. చక్కగా ఉంది. చూసినవాళ్లు ఇంకోసారి చూసేలా ఉంది.

పెద్దాయన వెళ్లాక ఆమె దగ్గరికి వెళ్లింది. "డాక్టరు గారు పంపించారండీ. మీతో ఒకసారి మాట్లాడమని..."

ఆ అమ్మాయి నవ్వు ఆగిపోయింది. చూపు ఆమె మొహం మీద నిలవలేదు. ఒక అద్దంలోకి, ఇంకో అద్దంలోకి, ఆపైన మేనేజరు బల్ల వైపుకీ పరుగెత్తింది.

"ఇక్కడొద్దు," అంది గొంతు తగ్గించి. "కస్టమర్లున్నారు. వెనక పక్క గోడౌన్ తలుపుంది. అక్కడికి రా. పది నిమిషాల్లో వస్తా."

పది నిమిషాలు అరగంటయ్యాయి. అట్టపెట్టెల పక్కన నిలబడే మాట్లాడింది ఆ అమ్మాయి. చేతిలో మడిచిన టిష్యూ కాగితం ఉంది. మాటకీ మాటకీ మధ్య దాన్ని కింది పెదవికి అద్దుకుంటోంది. అక్కడ తడి ఏమీ లేదు. అయినా అద్దుకుంటోంది.

"నొప్పి రెండు వారాలు. వాపు నెల. తిండి ఉండదు, అన్నీ తాగడమే. చిక్కిపోతావు, అది మంచిదే."

"పెదవికి స్పర్శ పోతుందని అంటారు కదండీ..."

"పోయింది." టిష్యూ అద్దుకుంది. "ఇక్కణ్నించి ఇక్కడి దాకా. వేడి తెలీదు, చల్లదనం తెలీదు. ఏదన్నా తింటూ ఉంటే మెతుకు అంటుకుందో లేదో తెలీదు. చాలామందికి ఏడాదిలో తిరిగొస్తుందట. నాకు రాలేదు. అందుకే ఇది చేతిలో ఉంటుంది ఎప్పుడూ."

"అయితే, చేయించుకోకుండా ఉంటే బాగుండేదని అనిపించదా?"

ఆ అమ్మాయి ఆమె వైపు మొదటిసారి నేరుగా చూసింది. "పిచ్చా నీకు? ఇంకో పదిసార్లయినా చేయించుకుంటా."

బయట ఎవరో అట్టపెట్టె ఈడుస్తున్న చప్పుడైంది. ఆ అమ్మాయి తలుపు వైపు ఒక అడుగు జరిగింది.

"మీ స్ప్లింటు చేసింది నేనే," అంది ఆమె. ఎందుకు చెప్పిందో ఆమెకే తెలియదు.

"ఏంటది?"

"ఏం లేదండీ."

"చూడు, ఏమీ అనుకోకు," అంది ఆ అమ్మాయి. "నేను ఇదివరకు ఎలా ఉండేదాన్నో ఇక్కడ ఒక్కరికీ తెలీదు. నువ్విలా వచ్చి నిలబడితే, ఎవరా అమ్మాయి, నీకేమవుతుంది అని అడుగుతారు. ఏం చెప్పను? ఇంకెప్పుడూ రాకు." తలుపు తీసి, ఆగి, కాస్త మెత్తబడి అంది: "ఆపరేషన్ అయ్యాక రా కావాలంటే. అప్పుడు నీకు నప్పే కళ్లజోడు నేనే ఏరిపెడతా."

ఇంటికి నడుస్తుంటే పెదవి సంగతి ఆమెకు గుర్తుకు రాలేదు. ఆ చూపే గుర్తొచ్చింది. అది ఓనరు చూపు. అదే దవడతో పుట్టి, అదే దవడతో పెరిగిన మనిషి ఒక్క ఏడాదిలో ఆ చూపు ఎక్కడ నేర్చుకుంది? లేక అది కూడా ఆపరేషన్‌తో పాటే వస్తుందా?

శుక్రవారం ఆమె తన దవడను కోసింది. చట్రానికి బిగించి, పెన్సిలుతో గీతలు గీసి, కొలిచి, మళ్లీ కొలిచి, రంపం పెట్టింది. తెల్లటి పొడి ఒళ్లో రాలింది. దవడ పీఠం నుంచి విడిపోయి చేతిలోకి వచ్చినప్పుడు ఏమైనా అనిపిస్తుందేమో అనుకుంది. ఏమీ అనిపించలేదు. ప్లాస్టర్ ముక్క. దాన్ని ఏడు మిల్లీమీటర్లు వెనక్కి జరిపితే, పద్నాలుగు నెలలుగా నిటారుగా నిలబడి ఎదురుచూస్తున్న పళ్లు పై వరసలోకి చక్కగా వెళ్లి కూర్చున్నాయి. పనిపరంగా చూస్తే డాక్టరు లెక్కకు వంక పెట్టడానికి లేదు. మైనం కరిగించి అతికించింది. పొడీ ద్రవం కలిపి, ముద్ద చేసి, వరసల మధ్య పరిచి, గట్టిపడ్డాక అంచులు అరగదీసింది.

కడిగి పెదవికి ఆనించింది. కుడి చివర ఒకచోట గరుకు తగిలింది. వేలితో తడిమితే తెలియలేదు. మళ్లీ పెదవికి ఆనించింది. ఉంది. ఆ చోట అరగదీస్తూ, పెదవికున్న ఈ స్పర్శ పోతుంది కదా అనుకుంది. నూటికి తొంభై మందికి తిరిగి వస్తే మాత్రం, తనకు రాకపోతే? ఈ గదిలో తనకంటూ ఉన్నది ఇదొక్కటే. పాలిషింగ్ చేసేవాడికి లేనిది, అక్కకు లేనిది, ఓనరుకు లేనిది.

అప్పుడే ఓనరు వచ్చి స్ప్లింటును వెలుతురుకు ఎత్తి చూశాడు. "అదిరింది. చూడు, నువ్వు తిరిగొచ్చాక ముందు గదిలో కూర్చుందువుగాని. ఆ పిల్లకి డాక్టర్లతో మాట్లాడటం రావట్లేదు."

"మరి ఈ పని ఎవరు చేస్తారు సార్?"

"ఎవడో ఒకడు చేస్తాడు. ఇదేమన్నా బ్రహ్మవిద్యా?"

ఆయన వెళ్లిపోయాక ఆమె స్ప్లింటును దూదిలో చుట్టి, డబ్బాలో పెట్టి, పైన చీటీ అంటించింది. చేతులు తుడుచుకుంటూ ఉండగానే నిర్ణయం అయిపోయింది. వద్దు. శనివారం వెళ్లి చెప్పేస్తుంది. తీగలు తీసేయమంటుంది. మొహం ఇలాగే ఉండిపోతుంది, ఉండిపోనీ. ఆ మాట లోపల అనుకుంటే చాలా రోజుల తర్వాత ఆకలేసింది. అక్క కోసిపెట్టిన ఆపిల్ ముక్కల వైపు చూడకుండా, ఒక కాయ తీసుకుని పక్క పళ్లతో పరపరా నమిలి తినేసింది. చప్పుడు చేస్తూనే తింది.

శనివారం తల్లి ఇస్త్రీ బట్టలు కట్టుకుని ముందే తయారై కూర్చుంది. దారి పొడుగునా ఏదో ఒకటి అంటూనే ఉంది: వంగి నడవకు, నోరు మూసుకో, మూస్తే మూసుకోదు కదూ ఖర్మ.  చెప్పాల్సిన మాట ఆమె నాలుక చివర సిద్ధంగా ఉంది. అది డాక్టరు ముందు చెబుతుంది, తల్లి వినేలా చెబుతుంది.

డాక్టరు మెత్తటి మనిషి. ఇద్దరు విద్యార్థులు ఆయన వెనక నోటుపుస్తకాలు పట్టుకుని నిలబడ్డారు. ఆమెను పక్కకి తిరిగి నిలబడమని, గడ్డాన్ని పెన్ను మొనతో చూపిస్తూ, "చూడండి, ఇంత చక్కటి కేసు మీకు మళ్లీ దొరకదు. పుస్తకంలో బొమ్మలా ఉంది," అన్నాడు వాళ్లతో. వాళ్లు రాసుకున్నారు.

"డాక్టరు గారూ, నేను ఒక మాట చెప్పాలి," అంది ఆమె.

"చెబుదువుగాని అమ్మా. ముందు ఇది చూడండి, ఇద్దరూ." కంప్యూటర్ తెరను వాళ్ల వైపు తిప్పాడు. తెర మీద ఆమె పక్క మొహం ఉంది. "ఇది ఇప్పుడు." మీట నొక్కాడు. గడ్డం మెల్లగా వెనక్కి జరిగింది. పెదాలు ఒకదాని మీద ఒకటి ఆనాయి. "ఇది తర్వాత."

తల్లి కుర్చీలో ముందుకు జరిగింది. "ఇదెవరు?" అంది.

విద్యార్థి ఒకడు నవ్వాడు. "మీ అమ్మాయేనండీ."

"మొదటిది చూపించండి."

డాక్టరు నొక్కాడు. గడ్డం ముందుకు వచ్చింది.

"రెండోది."

వెనక్కి వెళ్లింది.

"మొదటిది."

అలా నాలుగుసార్లు. అయిదోసారి డాక్టరు గోడ గడియారం వైపు చూశాడు. తల్లి మొహంలో ఆమె ఎన్నడూ చూడని భయం ఉంది. రద్దీలో పిల్లచెయ్యి జారిపోయిన మనిషిలా తెరంతా వెతుకుతోంది.

"మొదటిది అలాగే ఉంచండి," అంది తల్లి. "వద్దండీ. ఆపరేషన్ వద్దు మాకు."

 డాక్టరు, అమ్మాయి మేజరు కాబట్టి పెద్దవాళ్ల సంతకం అక్కర్లేదనీ, అయినా బయటికి వెళ్లి పది నిమిషాలు మాట్లాడుకుని రమ్మనీ మర్యాదగా చెప్పాడు.

వరండాలో బల్ల మీద కూర్చోకుండా గోడ పక్కనే నిలబడింది తల్లి.

"ఇంకో ఏడాది ఆగుదామే."

"ఏడాదిలో ఏమవుతుంది?"

"ఏదో అవుతుంది. పెదవి మొద్దుబారిపోతుందట. ఎముక రెండు పక్కలా కోస్తారట. ఎందుకే ఇదంతా?"

"పీడ వదలాలన్నావుగా. సోమవారమే అన్నావు."

"ఎన్నో అంటాం. అన్నవన్నీ..." తల్లి మాట మింగేసి, చెయ్యి చాపి ఆమె గడ్డం పట్టుకుంది. బతిమాలేవాళ్లు పట్టుకున్నట్టే పట్టుకుంది. ఊహ తెలిశాక ఆ చెయ్యి ఆ గడ్డాన్ని తాకడం ఇదే మొదలు. తాకి ఊరుకోలేదు. కుట్టు సరిగ్గా పడిందో లేదో చూసినట్టు, బొటనవేలు చెవి కింద నుంచి దవడ అంచు వెంట మెల్లగా జరుగుతూ వచ్చింది. తల్లి కళ్లు ఆమె కళ్లలోకి చూడటం లేదు. దవడనే చూస్తున్నాయి.

"ఫొటోలన్నీ నేనే కోసేశానే," అంది తల్లి, ఆ దవడతో చెబుతున్నట్టు. "కోసేస్తే ఏం, ఇంట్లో నువ్వున్నావుగా అనుకున్నాను."

ఆమెకు అర్థం కావడానికి కాసేపు పట్టింది.  పదకొండేళ్లుగా తలుపు తీసినప్పుడల్లా, ముద్ద నోట్లో పెట్టినప్పుడల్లా ఈ ఇంట్లో పడిన మాటలన్నిటినీ తనవే అనుకుని మోసింది. ఎన్నో పూటలు ఏడ్చింది. అవేవీ తనవి కావు. తల్లి పళ్లేనికి ఎదురుగా కూర్చుని తిట్టించుకున్నది ఆయన. తను అక్కడ లేనే లేదు. తిట్లలో కూడా తనకు వాటా లేదు.

నాలుక చివర సిద్ధంగా ఉన్న మాట ఎటు పోయిందో పోయింది.

"ఆయన రాడమ్మా," అంది ఆమె. "వచ్చినా నా మొహం చూడ్డానికి రాడు."

తల్లి దెబ్బ తిన్నట్టు చూసింది. కానీ చెయ్యి తీయలేదు. గట్టిగా పట్టుకుంది. ఆమె ఆ వేళ్లను ఒక్కొక్కటే విడదీసి, తల్లి చేతిని తల్లికే ఇచ్చినట్టు కిందికి దించి, తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది.

"అమ్మగారు ఒప్పుకున్నారా?" అన్నాడు డాక్టరు.

"ఆవిడ సంతకం అక్కర్లేదన్నారుగా." మూడు కాగితాలు. మూడింటి మీదా సంతకం చేసింది.

"ఇందాక ఏదో చెప్పాలన్నావు?"

"ఏం లేదు సార్."

ఆపరేషన్ బాగా జరిగింది. దవడ స్ప్లింటులో అణువంత తేడా లేకుండా కూర్చుందని డాక్టరు ల్యాబుకు ఫోన్ చేసి మరీ మెచ్చుకున్నాడు. ఫోన్ ఎత్తిన ఓనరు థాంక్స్ చెప్పాడు.

వారం తిరిగేసరికి వాపు దిగడం మొదలైంది. పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య రబ్బరు బ్యాండ్లు బిగించారు కాబట్టి నోరు తెరవడానికి లేదు. పళ్ల సందుల్లోంచి పీల్చే పల్చటి ద్రవాలే తిండి. ఒక మధ్యాహ్నం పింగాణీ అక్క చూడటానికి వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయి, "అబ్బ, ఎంత బాగున్నావే!" అంటూ పేరు పెట్టి పిలిచింది. పిలిచింది తననే అని తెలియడానికి ఆమెకు ఒక క్షణం పట్టింది. అక్క చాలాసేపు కూర్చుంది. పాలిషింగ్ చేసేవాడు కూడా అడిగాడని చెప్పింది. "ఒకసారి ఫొటో పంపమన్నాడు," అంది సిగ్గుపడుతూ, ఆ సిగ్గేదో ఆమె తరఫున తనే పడుతున్నట్టు.

తల్లి ఏ లోటూ చేయలేదు. వేళకు మందులు, వేళకు గిన్నెలో వడగట్టిన గంజి, గంటకోసారి మొహం మీద చల్లటి గుడ్డ. "తాగమ్మా," అనేది. "ఇంకాస్త తాగగలవా అమ్మా?" అనేది. "దిండు సరిగ్గా ఉందా?" అనేది. ఆ గొంతు ఎక్కడ విన్నదో మూడో రోజుకు గానీ ఆమెకు పట్టుబడలేదు. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చే ఆడవాళ్లతో తల్లి మాట్లాడే గొంతు అది.

ఆమె నీళ్ల గ్లాసు మిషను పక్కన పెట్టి చూసింది. తల్లి దాన్ని తీసి దూరంగా పెట్టి ఊరుకుంది. తడి తువ్వాలు కొత్త గుడ్డ మీద వేసి చూసింది. తల్లి తువ్వాలు తీసి ఆరేసి వచ్చింది. పొద్దున లేవకుండా ఎండెక్కేదాకా పడుకుంది. తల్లి చప్పుడు కాకుండా మిషను తొక్కింది. పదకొండో రోజున, తల్లి గంజి గిన్నె చేతికి ఇస్తుండగా, ఆమె కావాలనే చెయ్యి జార్చింది. గిన్నె మిషను బల్ల మీద బోర్లాపడింది. మర్నాటికి ఇవ్వాల్సిన తెల్లగుడ్డ మీద గంజి పారింది. కొంత ఆమె గడ్డం మీద చిందింది.

ఆమె తల్లి మొహం వైపు చూసింది.

"పర్వాలేదమ్మా," అంది తల్లి, గుడ్డను మడిచి పక్కన పెడుతూ. "ఉతికితే పోతుంది. నువ్వు కూర్చో."

"తిట్టు," అంది ఆమె. బిగించిన పళ్ల వెనక నుంచి ఆ మాట గాలిలా వచ్చింది.

"ఏం కావాలమ్మా? నీళ్లా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. కళ్లలోంచి నీళ్లు కారాయి. తల్లి అవి చూసి, నొప్పిగా ఉందేమో అనుకుని, పాత మెత్తటి గుడ్డముక్క ఒకటి తడిపి తెచ్చి ఎదురుగా కూర్చుని ఆమె మొహం తుడవసాగింది. చెంపల మీద తడి తెలిసింది. పెదవి దాటాక ఏమీ తెలియలేదు. తల్లి ఎటో చూస్తూ తుడుస్తోంది. ఆ చూపును చూడలేక ఆమె కళ్లు మూసుకుంది. తల్లి చెయ్యి ఇంకా గడ్డం మీదే ఉందనుకుని, మొహం పైకెత్తి అలాగే చాలాసేపు కూర్చుంది. లోపలి గదిలో తల్లి గిన్నె కడుగుతున్న చప్పుడు విని కళ్లు తెరిచింది.